లిఫ్ట్ కిట్ సంగతి తర్వాత, ముందు టైర్లు చూడమనండి

సంపాదకులకు నమస్కారం.

ఫోర్ వీల్ డ్రైవ్ బండిని ఆఫ్‌రోడ్‌కి ఎలా సిద్ధం చేసుకోవాలో చెబుతూ మీ వాహనాల పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. రాసినాయనకు బండ్లంటే ప్రాణమని తెలుస్తూనే ఉంది, అందులో చెప్పిన సామానులో బొత్తిగా పనికిరానిదంటూ ఏదీ లేదు కూడా. గొడవంతా వరుసతోనే. మొదట లిఫ్ట్ కిట్ (బండిని పైకెత్తే సామాను), తర్వాత విన్చ్ (తాడు చుట్టుకుంటూ బండిని లాగే మోటారు), ఆపైన లైట్ బార్, రూఫ్ ర్యాక్, చివర్లో ఎక్కడో "వీలైతే మంచి టైర్లు" అని ఒక్క ముక్క. డబ్బు ఎవరి దగ్గరా ఒకేసారి ఉండదు కదా, కొత్తగా బండి కొన్నవాళ్లు అది చదివి ఆ వరుసలోనే కొంటూ పోతారు, టైర్ల దగ్గరికొచ్చేసరికి జేబు ఖాళీ. అందుకే ఈ ఉత్తరం, కొంచెం పొడుగే అవుతుంది, ఓపిక పట్టండి.

నా లెక్క ఒక్కటే. బండి దేనివల్ల ఆగిపోతుంది, ఆగిపోతే అక్కడినుంచి ఎలా బయటపడుతుంది, ఈ రెండింటికీ పనికొచ్చేది ముందు కొనాలి. ఎత్తుగా కనబడేది, ఫొటోలో బాగుండేది ఆ తర్వాత.

అసలు ఏమీ కొనకముందే చేయాల్సిన పని ఒకటుంది, దాని గురించి ఎవరూ రాయరు. ఉన్న బండి సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం. స్టీరింగ్ జాయింట్లు లూజయ్యాయా, సస్పెన్షన్ బుష్‌లు పగిలాయా, వీల్ బేరింగులు శబ్దం చేస్తున్నాయా, బ్రేక్ హోసులు పగుళ్లు పట్టాయా, రేడియేటర్ మట్టితో మూసుకుపోయిందా, గేర్‌బాక్స్‌లో, ముందు వెనక ఇరుసులకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో, ఒక్కో ఇరుసు మీద రెండు చక్రాలకు బలం పంచే రెండు డిఫరెన్షియళ్లలో ఆయిల్ ఎప్పుడు మార్చారు. ఫోర్ వీల్ లీవర్‌ని ఏళ్ల తరబడి ముట్టుకోని బండ్లు ఎన్ని లేవు! తీరా బురదలో దిగబడ్డాక లాగితే అది పడదు. అరిగిన బుష్‌ల మీద కొత్త లిఫ్ట్ స్ప్రింగులు బిగిస్తే పాత రోగం పోదు, కొత్తది తోడవుతుంది, పైగా వచ్చే శబ్దం పాతదానిదో కొత్తదానిదో మెకానిక్కి కూడా అంతుపట్టదు.

ఇక టైర్లు. బండిలో నేలను తాకేది అవొక్కటే, ఇంజిన్ ఎంత పెద్దదైనా లాకర్లు (ఇరుసు రెండు చక్రాల్నీ కలిపి తిప్పేవి) ఎన్ని ఉన్నా చివరికి ఆ నాలుగు రబ్బరు ముక్కల పట్టు ఎంతో అంతే. బండితో పాటు వచ్చేవి చాలావరకు రోడ్డుకోసం చేసిన హెచ్‌టీ, అంటే హైవే టెరైన్, రకం. బురదలో వాటి గాళ్లు, అంటే పైనున్న గాడులు, ఒక చుట్టులోనే నిండిపోతాయి, ఆ తర్వాత నున్నటి టైరుకీ దానికీ తేడా ఉండదు. వారంలో ఎక్కువ రోజులు రోడ్డు మీదే తిరిగేవాళ్లకు ఏటీ, అంటే ఆల్ టెరైన్, సరిపోతుంది. ఎమ్‌టీ, అంటే మడ్ టెరైన్, టైర్లు చూడ్డానికి గంభీరంగా ఉంటాయి నిజమే, కానీ తడి రోడ్డు మీద బ్రేకు పట్టు తగ్గుతుంది, మోత ఎక్కువ, త్వరగా అరుగుతాయి, కాబట్టి నిజంగా లోతు బురదలో, రాళ్లలో తరచూ తిరిగేవాళ్లే వాటి జోలికి వెళ్లాలి. కొనేటప్పుడు పైనున్న గాళ్లే కాదు, సైడ్‌వాల్, అంటే టైరు పక్కగోడ, ఎన్ని పొరలదో అడగండి. రాళ్ల దారిలో టైరు చీలేది ఎక్కువగా పక్కనే, అక్కడ పంక్చర్ ప్లగ్ నమ్ముకోడానికి ఉండదు. సైడ్‌వాల్ మీద చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి, 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైందని. సెకండ్ హ్యాండ్ టైర్లు గాళ్లు కొత్తవాటిలా ఉన్నాయని మురిసిపోయేముందు వంగి ఆ అంకెలు చదవండి.

టైర్లు మార్చే డబ్బు కూడా లేదంటారా, అయితే ప్రెజర్ గేజ్, చిన్న కంప్రెసర్, పంక్చర్ కిట్ కొనండి. నన్నడిగితే ఆఫ్‌రోడ్‌లో పెట్టిన డబ్బుకి ఇంత ఫలితమిచ్చేది ఇంకోటి లేదు, మీ వ్యాసంలో దీని ఊసే లేదు. ఒకసారి టైరు పక్కన కూర్చుని గాలి తీస్తూ చూడండి. 32 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర అది నేలను తాకే మేర పొట్టిగా ఉంటుంది, బరువంతా ఆ కాస్త చోట్లోనే. 25 దాకా పెద్ద మార్పేమీ కనబడదు. 18కి వచ్చేసరికి రిమ్ముకింద సైడ్‌వాల్ ఉబ్బుతుంది, అప్పుడు అందరూ టైరు వెడల్పయిందనుకుంటారు, నిజానికి ఎక్కువగా పెరిగేది పొడవు, ముందుకీ వెనక్కీ సాగిన పాదం. ఇసుకలో కూరుకుపోకుండా పైన తేలిపోయేది దానివల్లే, రాళ్ల మీద గెంతకుండా వాటిని చుట్టి పట్టుకునేదీ దానివల్లే. మట్టి దారికి, రాళ్లకు 18 నుంచి 22 మధ్య, మెత్తటి ఇసుకకు 15 అటూ ఇటూ, బండి బరువును బట్టి సర్దుకోవాలి. 12 కంటే తగ్గిస్తే మామూలు రిమ్ము నుంచి టైరు ఊడొచ్చే ప్రమాదం ఉంది. గాలి తగ్గించినప్పుడు వేగం కూడా తగ్గించాలి, రోడ్డెక్కేముందు మళ్లీ నింపాలి, లేకపోతే సైడ్‌వాల్ వేడెక్కి పగులుతుంది. కంప్రెసర్ లేనివాడు గాలి తియ్యడానికి జంకేది అందుకే.

తర్వాత బయటకు లాగే సామాను. ఇక్కడ కూడా విన్చ్ ముందు కాదు. బండి ఛాసిస్‌కి బోల్టు చేసిన, ఎంత లోడుకో రాసి ఉన్న రికవరీ పాయింట్లు (లాగే తాడు తగిలించే చోట్లు) ముందొకటి వెనకొకటి, అది మొదటిది. చాలా బండ్లకు కంపెనీ పెట్టి పంపే కొక్కేలు లారీ మీద కట్టేసుకోవడానికి మాత్రమే, గుంజడానికి కాదు. తర్వాత ఒక పార, చక్రాల కింద పెట్టే ఒక జత రికవరీ బోర్డులు, ఒక కైనెటిక్ తాడు, తాడు తగిలించడానికి రేటింగ్ ఉన్న షాకిళ్లు (కొలికిలు). కైనెటిక్ తాడు నైలాన్‌ది, దాదాపు 30 శాతం సాగుతుంది, ఆ సాగిన శక్తితో బండిని బయటకు తెస్తుంది, సాగని మామూలు టోయింగ్ తాడుతో ఆ జెర్కు ఇస్తే ఏదో ఒకటి విరుగుతుంది. పార గురించి నవ్వుకోకండి, చక్రాల ముందు రెండు నిమిషాలు మట్టి తవ్వితే అసలు లాగాల్సిన అవసరమే ఉండదు, చాలాసార్లు.

విన్చ్ ఒంటరిగా తిరిగేవాళ్లకు కావాలి, పక్కన ఇంకో బండి ఉండేవాళ్లు ఆగొచ్చు. కొన్నా, బండి పూర్తి లోడు బరువుకి ఒకటిన్నర రెట్లు లాగగలిగేది చూసుకోవాలి. డబ్బా మీద రాసిన బలం డ్రమ్ముకి చుట్టిన తాడులో కింది మొదటి వరసలో మాత్రమే వస్తుంది, పైవరసలకు పోయేకొద్దీ తగ్గుతుంది. పూర్తి లోడులో 400 ఆంపియర్ల దాకా గుంజుతుంది, అంటే బ్యాటరీ ముసలిదైతే విన్చ్ అలంకారమే. ముందు ఇరుసు మీద పడే బరువు సంగతి సరేసరి, విన్చ్, దాన్ని మోసే స్టీల్ బంపర్ కలిసి ముందు స్ప్రింగుల్ని కుంగదీస్తాయి, అప్పుడు స్ప్రింగులు మార్చాలి, అలా ఒక ఖర్చు ఇంకో ఖర్చుని పిలుస్తుంది.

ఆ తర్వాత బండి పొట్ట. ఇంజిన్ సంప్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్, డీజిల్ ట్యాంకు కింద గట్టి ప్లేట్లు, రాళ్లలో తిరిగితే పక్కల తలుపుల కింద రాళ్లకు ఆనే గట్టి రాక్ స్లైడర్లు. సంప్‌కి చిల్లు పడితే ఆయిలంతా కారిపోయి బండి అక్కడికక్కడే ఆగిపోతుంది, తలుపు గీసుకుపోతే ఆగదు, వరుస అలా పెట్టుకోవాలి. షోకు కోసం పెట్టే పల్చటి రేకులు, ఎక్కేటప్పుడు కాలు పెట్టుకునే పైపులు ఇందులోకి రావు, అవి రాయి తగలగానే వంగి తలుపునే నొక్కేస్తాయి.

లాకర్ ఎందుకో మీ వ్యాసంలో ఒక్క వాక్యంతో సరిపెట్టారు, నాకైతే లిఫ్ట్ కిట్ కంటే అదే ముందు. గతుకుల్లో ఎదురెదురు మూలల చక్రాలు గాల్లోకి లేస్తాయి చూడండి, అప్పుడు మామూలు డిఫరెన్షియల్ ఏం చేస్తుందంటే రెండు పక్కలకూ ఎప్పుడూ సమానమైన టార్కే, అంటే తిప్పే బలమే, ఇస్తుంది. గాల్లో ఉన్న చక్రానికి అడ్డేమీ లేదు కాబట్టి దాన్ని తిప్పడానికి పట్టేది దాదాపు సున్నా, నేల మీదున్న దానికీ అదే సున్నా. ఫోర్ వీల్ వేసి ఉన్నా రెండు చక్రాలు గిర్రున తిరుగుతూ బండి మాత్రం కదలకపోవడం అందుకే. లాకర్ వేస్తే ఆ ఇరుసు రెండు పక్కలూ కలిసే తిరుగుతాయి, పట్టున్న చక్రం లాగుతుంది. కొత్త బండ్లలో ట్రాక్షన్ కంట్రోల్ తిరిగే చక్రానికి బ్రేకు వేసి కొంతవరకు ఇదే పని చేస్తుంది, అది బాగా పనిచేసే బండైతే లాకర్ కొన్నాళ్లు వాయిదా వేసుకోవచ్చు. ఒక్కటే పెట్టించుకోగలిగితే సాధారణంగా వెనకది, ఎక్కేటప్పుడు బరువు వెనక్కే పడుతుంది కాబట్టి. గట్టి రోడ్డు మీద మాత్రం లాకర్ వేసి మలుపు తిప్పకూడదు. ఇక్కడ ఒక మాట, జీప్ కంపెనీ రూబికాన్ అని 2003లో తెచ్చినప్పుడు ఏం పెట్టిందో చూడండి: ముందూ వెనకా లాకర్లు, 4:1 "లో రేంజ్" (నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపే గేరు), పట్టున్న టైర్లు. విన్చ్ లేదు, లైట్ బార్ లేదు. ఇంకా వెనక్కి వెళ్తే 1941 నాటి విల్లీస్ జీపు, 60 హార్స్‌పవర్, దాదాపు 1,100 కిలోలు, సన్నటి టైర్లు, లాకర్ కూడా లేదు, అయినా యుద్ధమంతా తిరిగింది. దానికున్న బలం తేలికదనం, "లో రేంజ్".

ఇప్పుడు లిఫ్ట్ కిట్ దగ్గరికి వద్దాం. ముందూ వెనకా గట్టి ఇరుసు, అంటే లైవ్ యాక్సిల్, ఉన్న బండికి రెండంగుళాల లిఫ్ట్ పెడితే బాడీ లేస్తుంది, కానీ రాయికి మొదట తగిలే డిఫరెన్షియల్ గుండు ఉన్నచోటే ఉంటుంది, అంగుళం కూడా లేవదు. దాన్ని లేపేది పెద్ద టైరే, అదీ పెరిగిన టైరు అడ్డుకొలతలో సగం: 29 అంగుళాల నుంచి 31కి మారితే కింద ఒక్క అంగుళం. ఆ టైరు తగలకుండా తిరగడానికి చోటు కావాలంటే, ఎక్కేటప్పుడు దిగేటప్పుడు బంపర్ తగులుతుంటే, అప్పుడు లిఫ్ట్‌కి అర్థముంది. ఊరికే రాదు. గరిమనాభి పైకి పోయి పక్కవాలులో బండి త్వరగా దొర్లుతుంది. స్టీరింగ్‌ని తిన్నగా ఉంచే ముందు ఇరుసు క్యాస్టర్ కోణం తగ్గి రోడ్డు మీద స్టీరింగ్ అటూ ఇటూ తిరుగుతుంది, ఇరుసుకి బలం తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారి వణుకు మొదలవుతుంది, ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్నవాటికి చక్రాలకు బలం చేర్చే సీవీ జాయింట్ల రబ్బరు బూట్లు చిరుగుతాయి, బ్రేక్ హోసులు బిగుసుకుంటాయి. పెద్ద టైర్లతో స్పీడోమీటర్ తక్కువ చూపిస్తుంది, పైన చెప్పిన మార్పుకే మీటరు 80 అంటే అసలు వేగం 85 దాటుతుంది. బ్రేకులు లేటవుతాయి, గేర్లు బరువెక్కుతాయి. అన్నట్టు, స్టెప్నీ కూడా అదే సైజులో ఉండాలి, ఇది మర్చిపోయి నాలుగే కొనేవాళ్లు ఉన్నారు.

నీళ్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇంజిన్‌లోకి నీళ్లు పోతే నీరు నలగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, అందుకే స్నార్కెల్, అంటే ఇంజిన్‌కి గాలి పైనుంచి తెచ్చే గొట్టం, పెట్టమంటారు, మంచిదే, దుమ్ము దారుల్లోనూ పనికొస్తుంది. కానీ ముక్కొక్కటే పైకి పెట్టుకుంటే మిగతా ఒళ్లు తడవదా? వేడెక్కిన ఇరుసు చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకుని సీళ్ల సందుల్లోంచి నీళ్లు పీల్చుకుంటుంది. తర్వాత డ్రెయిన్ ప్లగ్ విప్పితే నల్లటి గేర్ ఆయిల్‌కి బదులు పాలు కలిపిన కాఫీ రంగు చిక్కటి పదార్థం దారలా దిగుతుంది, దాంతోనే నెలలు తిరిగితే బేరింగులు పోయినట్టే. దీనికి మందు ఇరుసులోకి గాలి పోయే బ్రీదర్ పైపుల్ని పైకి తెచ్చి కట్టడం, సన్నటి రబ్బరు ట్యూబు, నాలుగు క్లిప్పులు, స్నార్కెల్ ఖర్చులో పిసరంత. అది ముందు.

రూఫ్ ర్యాక్ కొనేముందు బండి పేపర్లలో రాసిన మొత్తం బరువు పరిమితి చూడండి, మనుషులు, నిండు ట్యాంకు, బంపర్, విన్చ్, ప్లేట్లు అన్నీ అందులోంచే తీసేయాలి, మిగిలేది చాలామంది అనుకున్నంత ఉండదు. పైకప్పు మీద పెట్టే ప్రతి కిలో మరీ చెరుపు. లైట్ బార్ గురించి రాయడానికి ఏమీ లేదు, దుమ్ములో, మంచులో అది వెనక్కి కొట్టి కళ్లు మూస్తుంది, లిఫ్ట్ చేశాక పైకెత్తుకుని ఎదుటివాళ్ల కళ్లలో కొట్టే మామూలు హెడ్‌లైట్లు కిందికి సర్దుకుంటే సగం పని అవుతుంది.

చివరగా ఒక సవరణ తప్పకుండా వేయాలి. మీ వ్యాసంతో వేసిన ఫొటోలో ఇరుక్కున్న బండిని లాగుతున్న తాడు వెనక ట్రైలర్ కోసం పెట్టే టో బాల్‌కి తగిలించి ఉంది. ఆ గుండు ట్రైలర్‌ని నిదానంగా లాక్కెళ్లడానికి చేసింది, కైనెటిక్ తాడు జెర్కుకి దాని మెడ తెగితే ఫిరంగి గుండులా ఎగిరి అద్దంలోంచి లోపలికి వస్తుంది, అలా ప్రాణాలు పోయిన సంఘటనలు ఉన్నాయి. రాసినాయన వరుసతో నాకున్నది అభిప్రాయభేదమే, దాన్ని పాఠకులు చూసుకుంటారు. ఆ ఫొటో మాత్రం అలా కాదు, దాన్ని చూసి ఎవరైనా అదే చేయకముందే, అది తప్పని అదే పేజీలో, అంతే పెద్దగా వేయండి. లాగేటప్పుడు తాడు పొడవుకి ఒకటిన్నర రెట్ల దూరంలో ఎవరూ నిలబడకూడదని కూడా కలిపితే మరీ మంచిది.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు