కుర్చీ ముందు, శిక్షణ తర్వాతా?

సంపాదకుల వారికి,

మారుతున్న పని వాతావరణానికి తగ్గ నాయకులు కావాలని ప్రభుత్వ కార్యాలయాలు మొదలుకొని ప్రైవేటు సంస్థల దాకా అందరూ అంటున్నారు. అందుకు చేస్తున్నది మాత్రం దాదాపు ఒకటే. ఏడాదికోసారి ఒక హాలు తీసుకుని, బయటి నుంచి వక్తను పిలిపించి, రెండు రోజులు వర్క్‌షాప్ నడిపి, సర్టిఫికెట్లు పంచి గ్రూప్ ఫొటో దిగడం. ఆ డబ్బులో సగమైనా వేరే చోట ఖర్చు పెట్టాలని చెప్పడానికే ఈ లేఖ.

తప్పు శిక్షణ కంటే ముందే, ప్రమోషన్ దగ్గర మొదలవుతోంది. బాగా అమ్మే మనిషిని సేల్స్ మేనేజర్‌ను చేస్తారు, బాగా కోడ్ రాసే మనిషిని టీమ్ లీడ్‌ను చేస్తారు. అలన్ బెన్సన్, డేనియెల్ లీ, కెల్లీ షూ అనే ముగ్గురు పరిశోధకులు 131 సంస్థల అమ్మకాల సిబ్బంది రికార్డులు తిరగేసి 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. అమ్మకాల్లో ముందున్నవాళ్లకే ప్రమోషన్ అవకాశం ఎక్కువని తేలింది. అయితే అంతకుముందు ఎంత ఎక్కువ అమ్మినవాళ్లయితే, మేనేజర్లయ్యాక వాళ్ల కింది సిబ్బంది పనితీరు అంత తక్కువగా కనిపించింది. అమ్మకాల్లో ఇతరులతో కలిసి పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లు మేనేజర్లుగా మెరుగ్గా రాణించారు.

కాబట్టి ప్రమోషన్‌కు ముందే ఓ మూడు నెలల పాటు ఇద్దరు ముగ్గురు మనుషులున్న చిన్న పనిని అప్పగించి చూడాలి. నచ్చకపోతే పరువు పోకుండా పాత పనికి తిరిగి వెళ్లే దారి ఉండాలి. నిపుణులుగానే కొనసాగేవాళ్లకు కూడా జీతం, హోదా పెరిగే నిచ్చెన వేరే ఉండాలి. అది లేనిచోట జీతం కోసమే పెత్తనం నెత్తిన వేసుకుంటారు.

ఇక నేర్పాల్సినవి. మొదటిది పని అప్పగించడం. కొత్త మేనేజర్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ‘ఈ రిపోర్టు నువ్వు చూసుకో’ అంటారు, గడువు దగ్గర పడ్డాక ‘ఇలా కాదులే’ అని తామే కూర్చుని చేసేస్తారు. అప్పగించేటప్పుడు ఐదు సంగతులు నోటితో చెప్పి, నాలుగు లైన్ల మెయిల్‌లో కూడా పెట్టాలి: చివరికి చేతికి రావాల్సింది ఏమిటి, ఎప్పటికి, అడగకుండా తీసుకోదగ్గ నిర్ణయాలేవి, ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చు, మధ్యలో ఏ రోజు చూద్దాం. మూడోదాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. దాంతో ఆ మనిషి ప్రతి చిన్నదానికీ వచ్చి అడుగుతాడు, పైగా ‘చొరవ లేదు’ అన్న ముద్ర కూడా అతని మీదే పడుతుంది. తనిఖీ గడువులో మూడో వంతు గడిచాక పెట్టుకోవడం మంచిది. చివరి రోజున చూస్తే దిద్దే వ్యవధి ఉండదు, మేనేజరే చెయ్యి పెట్టక తప్పదు. ఆ మధ్య తనిఖీలో తేడా ఎక్కడుందో చూపించి, దిద్దడం ఆ మనిషికే వదలాలి.

రెండోది లోపం చెప్పే పద్ధతి. అవ్రహాం క్లూగర్, ఏంజెలో డెనీసి అనే పరిశోధకులు 1996లో పాత అధ్యయనాల ఫలితాలను ఒకచోట కలిపి చూశారు. మొత్తంగా ఫీడ్‌బ్యాక్ మేలే చేసినా, మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో అది ఇచ్చాక పనితీరు తగ్గింది. మాట పని మీద నుంచి మనిషి మీదకు జరిగేకొద్దీ ఫలితం తగ్గుతుందన్నది వాళ్ల వివరణ. ‘నీకు శ్రద్ధ తక్కువ’ అంటే వినేవాడు తనను తాను కాపాడుకునే పనిలో పడతాడు. ‘మంగళవారం పంపిన షీట్‌లో మూడు మొత్తాలు తప్పు పడ్డాయి, బిల్లింగ్ వాళ్లు మళ్లీ లెక్క వేయాల్సి వచ్చింది. ఎక్కడ పొరపాటు జరిగింది?’ అంటే మాట షీట్ మీదే ఉంటుంది. సందర్భం, చేసిన పని, దాని పర్యవసానం, ఆపై ఒక ప్రశ్న. ఇది ఒకటి రెండు రోజుల్లోపు, విడిగా చెప్పాలి. ఏడాది చివరి అప్రైజల్ దాకా దాచిపెడితే అది ఫిర్యాదుల చిట్టా అవుతుంది.

పదిహేను రోజులకోసారి ఒక్కొక్కరితో అరగంట మాట్లాడటం కూడా ఇందులో భాగమే. మొదటి పదిహేను నిమిషాలు అవతలివాళ్లవి. ‘ఎంతవరకు వచ్చింది’ అన్న ప్రశ్నతో మొదలుపెడితే అది మరో స్టేటస్ మీటింగ్‌గా మారిపోతుంది.

కొందరు ఆఫీసులో, కొందరు ఇంటి నుంచి పనిచేసే చోట పెద్ద చిక్కు సమాచారంతోనే వస్తుంది. కారిడార్‌లో నిలబడి ఇద్దరు తేల్చేసిన విషయం దూరంగా ఉన్నవాళ్లకు వారం తర్వాత తెలుస్తుంది. ఏం నిర్ణయించాం, ఎందుకు, బాధ్యత ఎవరిది, మళ్లీ ఎప్పుడు చూస్తాం అన్న నాలుగు ముక్కలు అదే రోజు అందరూ చూసే చోట రాసి పెట్టడం మేనేజర్ పని. ఏఐ పరికరాల విషయంలోనూ అంతే. ఏ సమాచారం వాటిలో పెట్టకూడదు, వచ్చిన డ్రాఫ్ట్‌ను సరిచూసేది ఎవరు, కింద పేరు ఎవరిది అనేవి ముందే తేల్చాలి. ‘అది ఏఐ రాసింది’ అన్న జవాబును ఒక్కసారి ఒప్పుకుంటే ఆ తర్వాత బాధ్యతకు దిక్కుండదు.

అన్నిటికంటే కష్టమైనది, తప్పు జరిగిందని కిందివాళ్లు వచ్చి చెప్పే వాతావరణం. ఎమీ ఎడ్మండ్సన్ ఆసుపత్రుల్లో మందుల పొరపాట్ల మీద చేసి 1996లో ప్రచురించిన పరిశోధనలో, మంచి నాయకత్వం, సఖ్యత ఉన్న బృందాల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదైనట్టు కనిపించింది. అక్కడివాళ్లు వాటిని దాచకుండా చెప్పుకోవడమే అందుకు కారణమని ఆమె వివరించారు. కాబట్టి ‘మా విభాగంలో ఏ సమస్యా లేదు’ అనే అధికారిని చూసి పైవాళ్లు సంతోషించడం ఆపాలి. చెడు కబురు తెచ్చిన మనిషితో అధికారి అనే మొదటి మాట ‘ఎవరు చేశారు?’ అయిందంటే రెండోసారి ఎవరూ రారు.

ఇవన్నీ హాల్లో కూర్చుంటే వచ్చేవి కావు. నెలకు ఒక నైపుణ్యం ఎంచుకుని, రెండు గంటలు నేర్పి, మిగతా నెలంతా సొంత టీమ్‌లో సాధన చేయించి, నెలాఖరున అనుభవమున్న మేనేజర్ ఒకరు పక్కన కూర్చుని చూసి చెప్పాలి. ఆరు నెలలకు ఆరు నైపుణ్యాలు. ఇందుకు ఆ అనుభవమున్న మేనేజర్‌కు పని గంటల్లో వెసులుబాటు ఇవ్వాలి. ఇవ్వకపోతే రెండో నెలకే ఈ కార్యక్రమం కాగితానికి పరిమితమవుతుంది, సాధారణంగా జరిగేది కూడా అదే.

అమెరికన్ ప్రొఫెసర్ డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే శిక్షణను నాలుగు మెట్లలో కొలవాలన్నారు: నచ్చిందా, నేర్చుకున్నారా, ప్రవర్తన మారిందా, ఫలితం వచ్చిందా. చాలా సంస్థలు ఇప్పటికీ మొదటి మెట్టు మీదే, భోజనానికి కూడా మార్కులు వేయించే ఆ ఫీడ్‌బ్యాక్ ఫారం దగ్గరే ఆగిపోతున్నాయి.

శిక్షణ బడ్జెట్ మీద సంతకం పెట్టే అధికారులు మీ పాఠకుల్లో ఉంటారు. ప్రతిపాదన చేతికి రాగానే వాళ్లు మూడు ప్రశ్నలు వేస్తే చాలు. తొంభై రోజుల తర్వాత మా మేనేజర్లు ఏ పనిని వేరేగా చేస్తారు? ఆ తేడా కనిపించిందా అని వాళ్ల కింది సిబ్బందిని ఎవరు అడుగుతారు? మధ్యలో సాధన చేయించేది ఎవరు? జవాబులు రాతపూర్వకంగా రాని ప్రతిపాదనను వెనక్కి పంపవచ్చు.

ఇట్లు,
సిబ్బంది శిక్షణ రంగంలో పనిచేస్తున్న ఒక పాఠకురాలు