వార్షిక నివేదిక 2025–26: పిల్లల మానసిక ఆరోగ్యం

సభ్యులందరికీ నమస్కారం. డ్రైనేజీ, వీధి దీపాల సంగతి కోశాధికారి గారి లెక్కల్లో ఉంది. నేను పిల్లల విషయం ఒక్కటే రాస్తున్నాను.

విశాఖపట్నం హాస్టల్లో నీట్‌కు చదువుతూ 2023లో చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో, 2025 జులై 25న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 100 మంది లేదా అంతకు మించి చదివే ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలంది. మార్కులను బట్టి సెక్షన్లు వీలైనంతవరకు విడగొట్టొద్దంది. మన పిల్లలు వెళ్లే ఒక కాలేజీకి ఉత్తరం రాశాం, జవాబు లేదు. స్వయంగా వెళ్తే ‘మా లెక్చరర్లే చూసుకుంటారండీ’ అన్నారు.

సెప్టెంబరు 10న హాల్లో సమావేశం పెట్టాం. పెద్దలే వచ్చారు, పిల్లలంతా ట్యూషన్లలో ఉన్నారు. ఆ టైము పెట్టడం మా తప్పే. ఆదివారం మళ్లీ పెట్టాం. ‘చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగితే, లేని ఆలోచన మనమే పుట్టించినట్టు కాదా?’ అని ఒకరు అడిగారు. కాదని సమావేశానికి వచ్చిన డాక్టరు గారు గట్టిగా చెప్పారు. నేరుగా అడిగితే చాలామంది పిల్లలకు బరువు దిగినట్టే ఉంటుందట.

ఒక తల్లి లేచి, ‘మండుటెండల్లో మా అమ్మాయి ఫుల్ హ్యాండ్స్ వేసుకుంటే ఫ్యాషన్ అనుకున్నా’ అన్నారు. ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. తమను తాము గాయపరుచుకునే పిల్లల్లో చాలామంది చావాలని ఆ పని చేయరట. తట్టుకోలేని బాధను కాసేపు అణచుకోవడానికి చేస్తారట. అలాగని వదిలేయకూడదు, తర్వాత ప్రాణాపాయం పెరుగుతుంది. తిట్టడం, ఒట్లు వేయించుకోవడం పనికిరావు. డాక్టరుకు చూపించాలి. పోలీసు కేసవుతుందని దాచే ఇళ్లూ ఉన్నాయి. ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది.

ర్యాంకర్ల ఫ్లెక్సీ ఈసారి గేటుకు కట్టలేదు. కొందరు నొచ్చుకున్నారు, నాతో రెండు వారాలు మాట్లాడనివారూ ఉన్నారు. అదే చోట ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాయించాం. పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులుండవు.

ఇంటర్ ఫలితాల రోజు హాలు రాత్రి 11 దాకా తెరిచే ఉంటుంది. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. ఆ రోజు కూర్చోగలిగినవాళ్లు పేర్లివ్వండి, ఇప్పటికి నలుగురే ఉన్నారు.

– కార్యదర్శి