గాలి మగ్గం సంగతి

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది, తిట్టుకో, తప్పు నాదే. అమ్మ మోకాలి ఆపరేషన్ బాగానే అయింది, ఇల్లు ఇంకా మారలేదు, చిన్నదానికి పాలపళ్ళు ఊడుతున్నాయి. అంతే విశేషాలు.

ఇక అసలు సంగతి. రాయ్ పోర్టర్ అని లండన్‌లో ఒక చరిత్రకారుడుండేవాడు. 2002లో పోయాడు, పాపం 55 ఏళ్ళకే, సైకిల్ మీద తన కూరగాయల మడికి వెళ్తూ. వైద్య చరిత్రంతా డాక్టర్లే చెప్పుకుంటూ పోతే ఎలా, రోగి ఏమన్నాడో చూడొద్దా అని 1985లో ఒక వ్యాసం రాశాడు. ఇప్పుడు పిచ్చాసుపత్రుల చరిత్ర రాసేవాళ్ళు రోగుల ఉత్తరాలూ కేసు పుస్తకాలూ తిరగేస్తున్నారంటే అందులో ఈయన చలవ చాలా ఉంది.

ఈయన వల్లే నాకు జేమ్స్ టిల్లీ మాథ్యూస్ దొరికాడు. టీ వ్యాపారి. 1797లో బెత్లెమ్ అనే పిచ్చాసుపత్రిలో పడేశారు. లండన్‌లో ఏదో నేలమాళిగలో ఒక ముఠా ‘గాలి మగ్గం’ అనే యంత్రంతో తన బుర్రలోకి ఆలోచనలు పంపుతోందట! ఆ యంత్రానికి బొమ్మ కూడా గీశాడు, పీపాలు, గొట్టాలు అన్నీ పెట్టి. ముఠాలో ఒకావిడ చేతి తొడుగులు తియ్యదు, నోరు విప్పదు, మిషను మాత్రం బ్రహ్మాండంగా తిప్పుతుంది. (నీకెవరు గుర్తొచ్చారో నాకు తెలుసు, నోరు మూసుకో.)

1809లో బయటి డాక్టర్లిద్దరు వచ్చి ఇతనికి పిచ్చి లేదన్నారు. అయినా వదల్లేదు. పైగా అక్కడ మందులు చూసే హాస్లమ్ ఇతను పిచ్చివాడేనని రుజువు చెయ్యడానికి 1810లో పుస్తకమే అచ్చేశాడు. తమాషా ఏమిటంటే, ఆసుపత్రికి కొత్త భవనం కడదామని ప్లాన్లు పిలిస్తే లోపలున్న మాథ్యూసూ గీసి పంపాడు, 30 పౌండ్లు ఇచ్చారు! తర్వాత పార్లమెంటు విచారణ జరిగి 1816లో హాస్లమ్ ఉద్యోగం ఊడింది. అది చూడ్డానికి మాథ్యూస్ లేడు, ముందు ఏడాదే పోయాడు. హాస్లమ్ పుస్తకాన్ని 1988లో పోర్టరే మళ్ళీ అచ్చు వేయించాడు. వైద్యుడు ఎగతాళికి రాసుకున్న దాంట్లోంచే రోగి గొంతు వినమని కాబోలు. కానీ అదీ హాస్లమ్ చేతిరాతే కదా, ఎంతవరకు నమ్మాలో...

ఇది చదువుతుంటే మా చిన్నాయన గుర్తొచ్చాడ్రా. గోడల నిండా బొగ్గుతో ఏవో లెక్కలు రాసేవాడు. పండక్కి సున్నం వేయించేశాం. అవేమిటని ఒక్కళ్ళం కూడా

చిన్నదాని బస్సు వచ్చేసింది, పోతున్నా. మిగతాది తర్వాత.