పెళ్లి ఆల్బమ్‌లు ఎందుకు ఆలస్యమవుతున్నాయంటే

ఈ సీజన్లో కడపలోని మన స్టూడియోకి పెళ్లి ఆర్డర్ ఇచ్చిన అన్నలకు, అక్కలకు. ఆల్బమ్‌లు ప్రింటై వచ్చాయి, షాపులోనే ఉన్నాయి. కానీ అవి మీ చేతికి ఇవ్వను.

ఎప్పుడూ వేయించే బయటి ఊరి ల్యాబ్ వాళ్లు ఈసారి మమ్మల్ని అడగకుండా ప్రతి షీట్‌కీ సొంతంగా రంగుల కరెక్షన్ చేసేశారు. ముఖాలన్నీ పాలిపోయాయి. నలుగు ఫోటోల్లో పసుపే లేదు, పట్టుచీర జరీ తెల్ల మచ్చయిపోయింది. ఫోన్ చేస్తే అవతలాయన "మీ వైపు కస్టమర్లకు తెల్లగా ఉంటే చాలు కదన్నా" అన్నాడు. ఆ మాట నాకింకా మింగుడు పడలేదు.

ముఖానికి, జరీకి అసలు రంగు రాబట్టడానికి మండపంలో మేం పడే పాట్లు వాళ్లకేం తెలుసు? వీడియో వాళ్ల హాలోజన్ లైటు దాదాపు 3200 కెల్విన్ (వెలుగు రంగుకి కొలత, అంకె తక్కువైతే పసుపు, ఎక్కువైతే నీలం), మా ఫ్లాష్ 5500, రెండూ ఒకే ముఖం మీద పడితే ఒక చెంప పసుపుగా, ఇంకో చెంప నీలంగా వస్తుంది, అందుకే ఫ్లాష్‌కి ఆరెంజ్ జెల్ (రంగు ప్లాస్టిక్ షీటు) కట్టి, వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెలుపుగానే వచ్చేలా చేసే సెట్టింగ్) ఆటోలో వదలకుండా చేత్తో సెట్ చేసి, జరీ తేలిపోకుండా ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి తీస్తాం. అదీ రా ఫైల్‌లో, అంటే కెమెరా పట్టిన వివరాలన్నీ అలాగే ఉంచే ఫైల్‌లో. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే, 14 బిట్ రా ఫైల్‌లో 16,384. చామనఛాయలోని ఎరుపూ పసుపూ చెడకుండా సరిచేసుకునే వీలు అక్కడే ఉంటుంది.

ఇచ్చేద్దామా వద్దా అని చాలా నలిగాను. కొందరు షాపుకొచ్చి చూసి "బాగానే ఉన్నాయి, ఇచ్చేయన్నా" అన్నారు. ఇంట్లోనూ అదే మాట. ల్యాబ్‌కి కట్టిన డబ్బు ఎలాగూ తిరిగి రాదు. అయినా నా మనసు ఒప్పుకోలేదు. రేపు ఆ పెళ్లికూతురి కూతురు ఆల్బమ్ తిప్పుతూ "ఇది నువ్వేనామ్మా?" అని అడిగే ఫోటో నా స్టూడియో పేరుతో బయటికి పోకూడదు.

వేరే ల్యాబ్‌లో మళ్లీ వేయిస్తున్నా, ఖర్చు నాదే. ముందు ఒక షీట్ ప్రూఫ్ (నమూనా ప్రింటు) తెప్పించి, మీకు చూపించాకే మిగతావి. తొందరగా కావాలంటే పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి, ఫోటోలన్నీ ఎక్కించి ఇస్తాను. ముఖం తెల్లగా చేసిమ్మంటే మాత్రం అడ్వాన్స్ వాపసు ఇస్తాను గానీ ఆ పని చేయను.

గండికోట అవుట్‌డోర్ తేదీలు మారలేదు. మధ్యాహ్నం మాత్రం పెట్టమనకండి, ఎండ నెత్తిన ఉంటే కళ్ల కింద నల్లగా నీడ పడుతుంది. తెల్లవారుజామునే బయల్దేరుదాం.