ఇంటి పొయ్యికి హోటల్ రుచి ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం వంటల పేజీ వదలకుండా చదువుతాను. ఈమధ్య 'రెస్టారెంట్ స్టైల్' అనే మాట లేని వారం ఉండటం లేదు. సికింద్రాబాద్‌లో ఓ హోటల్లో షెఫ్‌ని. ఆ స్టైల్ ఇంటికి తెచ్చుకుంటే మిగిలేది టెన్షన్, సింకు నిండా గిన్నెలు.

మా దగ్గర ఉల్లి, టమాటా గ్రేవీ పొద్దున్నే పెద్ద గిన్నెల్లో ఉడికి ఉంటుంది. ఆర్డర్ రాగానే పనీర్ వేస్తే ఒక కూర, చికెన్ వేస్తే ఇంకో కూర. నూడుల్స్ పొయ్యి మంట ఇంటి స్టవ్‌కు అందేది కాదు. నలుగురికి సరిపడా ఒకేసారి వేస్తే కడాయి చల్లబడి, కూరగాయలు నీరు వదిలి, అంతా ముద్దవుతుంది. ఒక్కో ప్లేటు చొప్పున వేయిస్తే నయం. ఇక 2010లో జీఐ (ఫలానా ప్రాంతానిదని చెప్పే భౌగోళిక) గుర్తింపు పొందిన మన హైదరాబాదీ హలీం బట్టీ మీద గంటల తరబడి ఉడకాలి, కర్రలతో మెదగాలి. దాన్ని కుక్కర్‌లో చేయమనడం నాకైతే మింగుడుపడదు.

మా కిచెన్ నుంచి తెచ్చుకోదగ్గవి రెండే. స్టవ్ వెలిగించకముందే అన్నీ తరిగి దగ్గర పెట్టుకోవడం ఒకటి. పోపు మాడేది కరివేపాకు కోసం ఫ్రిజ్ వెతికేటప్పుడే కదా! రెండోది కత్తి పదును. మొద్దు కత్తి టమాటాను నలుపుతుంది, జారి వేలు కోస్తుంది.

సెలవు రోజు మోండా మార్కెట్‌కు ఏం వండాలో అనుకోకుండానే వెళ్తాను. లేత గోంగూర కనిపిస్తే ఆ పూట గోంగూర పప్పే. కందిపప్పు మెత్తగా ఉడికాకే ఆకు కలుపుతా. పులుపు ముందే పడితే బద్ద ఓ పట్టాన ఉడకదు. చివర నేతిలో ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి. వెల్లుల్లి అంచులు ఎర్రబడగానే పప్పులో పోసి, చుయ్‌మన్న వెంటనే మూత పెట్టేస్తా, వాసన బయటికి పోకుండా. హోటల్లో తినేవాళ్ల మొహం నాకు కనబడదు. ఇంట్లో మా అమ్మాయి ఎదురుగా కూర్చుని "ఉప్పు తక్కువైంది నాన్నా" అంటుంది. ఆ మాట కోసమే వండుతాననిపిస్తుంది.

రెసిపీల్లో కొలతలతో పాటు ఏ రంగు వచ్చేదాకా వేయించాలో, ఏ వాసనకు దించాలో కూడా రాయించండి. 'ఫ్రెష్ క్రీమ్ 200 మిల్లీలీటర్లు' అనే లైను లేకుండా ఒక్క ఆదివారం పేజీ వేసి చూడండి.

- ఓ హోటల్ షెఫ్, సీతాఫల్‌మండి, సికింద్రాబాద్