పులివెందుల నల్లరాయిని కొంచెమైనా మిగల్చండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో గండికోట మీద వచ్చిన వ్యాసం మా ఇంట్లో అందరం చదివాం. ఒక్క మాట మాత్రం సరిచేయాలి. ఆ బండలు ‘లక్షల ఏళ్ల నాటివి’ అని రాశారు. పెన్నానది ఆ లోయను కోసిన కాలం వేరు, ఆ రాయి ఏర్పడిన కాలం వేరు. రాయి వయసు లక్షల్లో చెప్పేది కాదు, వంద కోట్ల ఏళ్లు ఎప్పుడో దాటింది.

ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటే, కింది పొరల వయసు తేల్చిన రాయి మా పక్కనే పులివెందులలో ఉంది. నేను వేంపల్లె ప్రాంతంలో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. పిల్లలకు రేడియోధార్మికత పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఆ రాయినే చూపించేవాణ్ణి.

ఒకప్పుడు ఇక్కడి నేల అడుగు నుంచి సాగి, పలచబడి, కుంగిపోయింది. కుంగిన చోటికి సముద్రపు నీరు చేరింది. ముందు ఇసుక, తర్వాత సున్నపు బురద పొరలు పొరలుగా పేరుకున్నాయి. నెలవంక ఆకారంలో దాదాపు 44,000 చదరపు కిలోమీటర్లు ఉండే ఈ పల్లాన్నే కడప బేసిన్ అంటున్నాం. 1872లోనే జియలాజికల్ సర్వే ఉద్యోగి విలియం కింగ్ దీని మీద పెద్ద నివేదిక ప్రచురించాడు. పొరలకు పెట్టిన పేర్లన్నీ మన ఊళ్లవి, ఏర్లవే: పాపఘ్ని, చిత్రావతి, వేంపల్లె, తాడిపత్రి. అన్నిటికంటే అడుగు పొరకు పాలకోవాకు పేరుపడ్డ గువ్వలచెరువు పేరే పెట్టారు. గండికోట బండ ఈ పేర్పులో చాలా పైన ఉంటుంది.

నేల సాగినప్పుడు అడుగున కరిగిన రాయి కూడా పైకి తన్నుకొచ్చింది. కొంత లావాగా పారింది. కొంత బయటపడలేక పొరల మధ్య దూరి అక్కడే గడ్డకట్టింది. దాన్నే సిల్ అంటారు, క్వారీ వాళ్లకు అది ఉత్త నల్లరాయి. సున్నపురాతికి ఇది తగిలిన చోట నిలబడి చూడాలి. అంచున నల్లరాయి రేణువులు కంటికి ఆనవు, వెంటనే చల్లారింది కాబట్టి. నాలుగడుగులు లోపలికి పోతే రేణువులు మెరుస్తూ కనిపిస్తాయి. ఇటు పక్క సున్నపురాయి వేడికి మారిపోయి లేత ఆకుపచ్చగా ఉంటుంది, అందులో తెల్లటి దారాల్లా రాతినార (ఆస్‌బెస్టాస్). బ్రాహ్మణపల్లి గనుల్లో తవ్వింది ఈ రాతినారనే. దాన్ని గోకడం, ఊదడం చేయొద్దని పిల్లలకు మరీమరీ చెప్పేవాణ్ణి, ఆ పొడి ఊపిరితిత్తులకు చాలా చెడ్డది.

ఇక వయసు సంగతి. జిర్కాన్ అనే స్ఫటికం పుట్టేటప్పుడు యురేనియాన్ని తనలోకి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. కాబట్టి తర్వాత అందులో కనిపించే సీసమంతా యురేనియం రేడియోధార్మిక క్షయంతో మెల్లగా సీసంగా మారడం వల్ల వచ్చిందే. యురేనియంలో 238, 235 అని రెండు రకాలున్నాయి. 238 రకం సగానికి తగ్గడానికి 447 కోట్ల ఏళ్లు, 235కు 70 కోట్ల ఏళ్లు పడుతుంది. ఒకే స్ఫటికంలో రెండు లెక్కలు. రెండూ ఒకే జవాబిస్తే ఆ వయసును నమ్మవచ్చు. గువ్వలచెరువు ఇసుకరాతిలో జిర్కాన్ రేణువులు ఉన్నాయి. అవి అంతకుముందే ఉన్న గ్రానైట్ కొండలు అరిగి కొట్టుకొచ్చినవి. ఆ ఇసుక పేరుకున్నది వాటిలో వయసులో అన్నిటికన్నా చిన్నదైన రేణువు పుట్టిన తర్వాతే అన్నది ఒక హద్దు.

రెండో హద్దు నల్లరాయి ఇచ్చింది. ఇలాంటి రాతిలో సిలికా తక్కువ, జిర్కాన్ అరుదు. ఒకటీ అరా దొరికినా, దారిలో పాత గ్రానైట్ నుంచి వెంట తెచ్చుకున్నదై 250 కోట్ల ఏళ్లని తప్పుడు సాక్ష్యం చెప్పొచ్చు. అందుకే బాడెలెయైట్ అనే దాని దగ్గరి బంధువును వెతికారు. అందులోనూ జిర్కోనియమే, కానీ సిలికా ఉండదు. ఆ రాతిలో అది దొరికిందంటే అక్కడే పుట్టినట్టు లెక్క. కిలోల కొద్దీ రాయిని పిండి చేస్తే వెంట్రుక మందం గోధుమరంగు పలుకులు కొన్ని వస్తాయి. కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం, కాశీ హిందూ విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి 2008లో ప్రకటించిన పులివెందుల సిల్ వయసు 188 కోట్ల 54 లక్షల ఏళ్లు. అటూ ఇటూ 31 లక్షలే తేడా! అది దూరిన పొరలు అంతకంటే పాతవని దాంతో రుజువైంది. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో ఇలాంటి రాతి డైకుల (పగుళ్లలోకి దూరి గోడల్లా గడ్డకట్టిన రాళ్ల) వయసు కూడా 188, 189 కోట్ల ఏళ్లకే తేలడంతో, ఆ కాలంలో ఇక్కడి నుంచి అక్కడిదాకా ఒకే పెద్ద అగ్నిపర్వత చర్య జరిగిందని వాళ్లు చెప్పారు.

ఇప్పుడు నా బాధ. ఈ నల్లరాయి రోడ్డు కంకరకు బాగా పనికొస్తుంది. సిల్ సున్నపురాతికి తగిలే అంచు చక్కగా కనిపించే చోట్లు నాకు తెలిసినవి కొన్నే, వాటిలో ఒకదాన్ని ఈమధ్యే క్రషర్‌కు తరలించారు. కంకర వద్దనడం లేదు, మాకూ రోడ్లు కావాలి. కానీ సిల్ అంతా ఒక ఎత్తు, ఆ అంచు ఒక ఎత్తు. రేపు ఇంకా మంచి యంత్రంతో ఎవరైనా వయసు సరిచూడాలన్నా, ఏది ముందు ఏది వెనక అని పిల్లవాడు కళ్లారా చూడాలన్నా అదే ఉండాలి. మంగంపేట ముగ్గురాయికి, తిరుమల ఘాట్‌రోడ్డులోని శిలాసంధికి (వయసులో ఎంతో తేడా ఉన్న రాళ్లు ఒకదాని మీద ఒకటి కలిసే చోటుకు) జాతీయ భూవైజ్ఞానిక స్మారక చిహ్నాలుగా గుర్తింపు ఉంది. పులివెందుల సిల్‌కూ అంతటి అర్హత ఉంది.

గనుల శాఖ, జిల్లా యంత్రాంగం కలిసి ఒక్క అంచునైనా లీజుల నుంచి తప్పించాలి. చుట్టూ కంచె వేసి, వయసు, ఆ వయసు తేల్చిన పద్ధతి రాసిన బోర్డు తెలుగులో పెట్టాలి. మీ విలేకరిని పంపితే చోటు దగ్గరుండి చూపిస్తాను. బోర్డు మీద రాయాల్సిన పాఠం కూడా సిద్ధంగా ఉంది, అడిగితే ఇస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
వేంపల్లె, కడప జిల్లా