నిద్రపోతున్నాడని రాసిన రాత్రి

చిన్నీ,

పెద్ద విషయమేమీ లేదు, ఊరికే రాస్తున్నాను. బాబి పరీక్షలు అయిపోయాయి. మీ నాన్న కళ్ళజోడు మళ్ళీ ఎక్కడో పెట్టి మర్చిపోయారు. రాధపిన్ని మొన్న ఫోన్ చేసి గంటసేపు మాట్లాడింది. పెట్టేసే ముందు, నువ్వు న్యూరో వార్డులో కళ్ళు తిరిగి పడిపోయావట కదా అంది. నీ గొంతు విని 11 రోజులైంది. సరే, అది వదిలెయ్.

నెర్వస్ సిస్టం బుర్రకెక్కడం లేదన్నావు పోయినసారి. 12 క్రేనియల్ నర్వ్‌ల (మెదడు నుంచి నేరుగా వచ్చే నరాల) పేర్లు బట్టీ పట్టడంతో మొదలెడితే ఎవరికీ ఎక్కదు. ముందు రాకపోకలు చూడు. చెయ్యి వేడి గిన్నెకి తగిలితే ఆ కబురు వెన్నుపాముకి వెళ్తుంది, చెయ్యి లాగెయ్యమన్న హుకుం అక్కడినుంచే వచ్చేస్తుంది. 'అబ్బా' అనేది ఆ తర్వాత, సంగతి మెదడుకి చేరాక. లోపలికి కబురు తెచ్చేవి సెన్సరీ, బయటికి హుకుం మోసేవి మోటార్. వెన్నుపాము నుంచి 31 జతల నరాలు, మెదడు నుంచి 12 జతలు. అంత లావు పుస్తకమూ ఈ రాకపోకల గురించే.

ఆ 12లో పదోది వేగస్. రక్తం చూసో, ఎక్కువసేపు నిలబడో అది అతిగా స్పందిస్తే గుండె నెమ్మదిస్తుంది, బీపీ పడిపోతుంది. మెదడు ఒంటి బరువులో 2 శాతమే, కానీ ఆక్సిజన్ 20 శాతం దాకా వాడుకుంటుంది. కొన్ని సెకన్లు రక్తం తగ్గినా ఓర్చుకోదు. మనిషి పడిపోతాడు. పడుకున్నాక రక్తం తలకి తేలిగ్గా చేరుతుంది, తెలివొస్తుంది. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఆ ఉదయం ఏమన్నా తిన్నావా అసలు? పడ్డప్పుడు తలకి ఏమీ తగల్లేదు కదా?

ఎందుకడుగుతున్నానంటే, నేను నర్సు ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, నైట్ డ్యూటీ. బండి మీంచి పడ్డ కుర్రాడిని తెచ్చారు. పేరు చెప్పాడు, తారీఖు చెప్పాడు, చెప్పు ఒకటి పోయిందని మా అందరితో గొడవ పడ్డాడు. జీసీఎస్, అదే తెలివి ఎంతుందో కొలిచే గ్లాస్గో కోమా స్కేల్, 15కి 15. గంటగంటకీ చూడమన్నారు. ఒంటిగంటకి చూశాను, బాగానే ఉన్నాడు. రెండింటికి వెళ్తే గురక పెడుతున్నాడు. పాపం, లేపడమెందుకని 'నిద్రపోతున్నాడు' అని రాసి వచ్చేశాను. కాసేపటికి సీనియర్ సిస్టర్ వచ్చి ఛార్టు చూసి, "నిద్రేనని ఎలా తేల్చావు?" అంది. పేరు పెట్టి పిలిచింది, పలకలేదు. భుజం కండ పట్టి గట్టిగా నొక్కింది. కుడిచెయ్యి పైకొచ్చి ఆవిడ చేతిని తోసింది, ఎడమది మంచం మీదే ఉండిపోయింది. రెప్పలెత్తి టార్చి వేసింది. ఎడమ ప్యూపిల్ (కంటిపాప) చటుక్కున చిన్నదైంది. కుడిది పెద్దగా, నల్లగా అలాగే ఉంది.

కుడివైపు పుర్రెకీ, మెదడు పైపొర డ్యూరాకీ మధ్య రక్తం చేరింది. పుర్రె ఎముక పెట్టె, సాగదు. ఒత్తిడికి మెదడు పక్కకి జరిగి, ప్యూపిల్‌ని చిన్నది చేసే మూడో నర్వ్‌ని నొక్కింది, అందుకే అదే వైపు ప్యూపిల్ పెద్దగా ఉండిపోయింది. చేతికి వెళ్ళే దారులు మెదడు కింది కొస మెడుల్లా దగ్గర అటువి ఇటు మారతాయి, అందుకే ఎదుటివైపు చెయ్యి కదల్లేదు. మధ్యలో వాడు చెప్పు కోసం గొడవపడ్డాడే, ఆ తెలివిగా ఉన్న కాసేపునే లూసిడ్ ఇంటర్వెల్ అంటారు. పరీక్షలో అడుగుతారు, రాసుకో. అప్పటికప్పుడు ఆపరేషన్ చేశారు. బతికాడు. తెలివొచ్చాక మళ్ళీ ఆ చెప్పు గురించే అడిగాడు. నేను మాత్రం రెండు నెలలు అమ్మమ్మకి ఉత్తరం రాయలేదు. ఏమని రాయను?

జీసీఎస్ మొత్తం ఒక్కటే రాసి ఊరుకోకు. కళ్ళకి 4, మాటకి 5, కదలికకి 6, దేనికది రాయి. 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ దీన్ని తెచ్చారు. తక్కువలో తక్కువ 3, సున్నా అనేది లేదు. 8కి దిగితే శ్వాసకి దారి తెరిచి ఉందో లేదో ముందు చూడాలి. ఇదిగో, పాఠం చెప్పనని మీ నాన్నకి మాటిచ్చి కూర్చున్నాను, మళ్ళీ మొదలెట్టాను.

ఆయనేమో, పిల్ల చదువుకుంటోంది, ఎందుకు కదిలిస్తావంటారు. ఆయన చేతికిస్తే నీ ఛార్టులో 'బాగుంది' అని రాసేస్తారు. ఆ పని నేనొకసారి చేశాను, ఇక చెయ్యను. కోర్సు మానేస్తానని పిన్నితో అన్నావో లేదో నేను అడగడం లేదు. అన్నా కోప్పడను. తల సంగతి మాత్రం ఇవాళే చెప్పు. తలనొప్పి పెరుగుతున్నా, వాంతులైనా, మత్తుగా ఉన్నా నాకు ఫోన్ చేస్తూ కూర్చోకు, ముందు మీ డ్యూటీ సిస్టర్ దగ్గరికి వెళ్ళు. దుప్పట్లో ఫోను వెలుగులో చదవకు. వార్డులో మోకాళ్ళు బిగబట్టి నిలబడకు.

కళ్ళజోడు దొరికింది, ఫ్రిజ్ మీద ఉంది.

అమ్మ